బందెలదొడ్డిలో మా ఆనపకాయ

ఈ ప్రయాణానికి మేం నలుగురం బయల్దేరాం. నేను, మా ఆవిడ విమల, పద్నాలుగేళ్ళ మా అమ్మాయి నిత్య, ఒక ఆనపకాయ. ముందు సీటు ఆనపకాయకి దక్కింది. కింద దిండు, మీద తడి తువ్వాలు, అడ్డంగా సీటు బెల్టు. స్టీరింగు ఎవరో ఒకరు పట్టుకోవాలి కాబట్టి నాకో సీటు మిగిల్చారు గానీ, లేకపోతే నన్ను కూడా సామాను పక్కన సర్దేసేవారే.

అమెరికా యాత్ర అనగానే మనవాళ్ళు నయాగరా ముందు రెయిన్‌కోటు వేసుకుని దిగిన ఫొటో చూపిస్తారు. అది మా దగ్గరా ఉంది. అందులో మా ముగ్గురి ముక్కులు తప్ప ఏమీ కనబడవు. నేను చెప్పబోయే ఊరి గురించి మాత్రం మీకెవరూ చెప్పి ఉండరు. వెర్మాంట్ కొండల్లో ఒక మూల, ఇంగ్లండు నుంచి ఎత్తుకొచ్చి దించినట్టుండే పల్లె. పేరు లిటిల్ థార్న్‌బీ. మరి పెద్ద థార్న్‌బీ ఎక్కడుందని అడక్కండి. నేనడిగితే ఆ ఊరివాళ్ళకే తెలియలేదు.

పిస్కాటవే: పందిరి గొడవ

2008 సంగతి. మేం ఉండేది న్యూజెర్సీలోని పిస్కాటవేలో, వరసగా అతికించి కట్టిన ఇళ్ళలో ఒకటి. వెనకాల చీర ఆరేసుకునేంత జాగా ఉంది. విమల అక్కడ ఆనపపాదు పెట్టి పందిరి వేసింది. మాది కాకినాడ కాబట్టి నేను ఆనపకాయ అంటాను. వాళ్ళది తెనాలి కాబట్టి తను సొరకాయ అంటుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ విషయం తేలలేదు. ఇక్కడ కలం నా చేతిలో ఉంది కాబట్టి ఆనపకాయే.

ఏ ఏటికాయేడు ముందటి కాయలోంచి తీసిన గింజలే వేసేది. మా ఇంట్లో ఆ పాదుకి కొన్ని చట్టాలు కూడా ఉండేవి. అన్నిట్లోకీ పెద్ద చట్టం, పిందెను వేలు పెట్టి చూపించకూడదు. చూపిస్తే కుళ్ళి రాలిపోతుంది. తప్పనిసరై చూపించాలంటే వేలు మడిచి కణుపుతో చూపించాలి. ఒకసారి పక్కింటాయన కంచె మీంచి వంగి, "వావ్, లుక్ ఎట్ దట్!" అని నిటారుగా వేలు పెట్టాడు. రెండ్రోజుల్లో ఆ పిందె నల్లబడి రాలింది. విమల ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. ఆ ఏడు మాత్రం ఆయన గుమ్మంలోకి కాయ వెళ్ళలేదు.

ఆ వేసవిలో మా ఇళ్ళ అసోసియేషన్ వాళ్ళు వచ్చి పందిరి అందవికారంగా ఉందన్నారు. సెప్టెంబరు ఆఖరుకల్లా తీసెయ్యాలి, మళ్ళీ వెయ్యకూడదు అని తేల్చేశారు. మడులు అద్దెకిచ్చే తోట ఒకటి దగ్గర్లోనే ఉంది గానీ, దాని వెయిటింగ్ లిస్టు నా ఆయుర్దాయం కన్నా పొడుగుంది. మా స్నేహితులందరూ అపార్ట్‌మెంట్లలో ఉంటారు.

"పోనీ, గింజలు సీసాలో దాచుకోవచ్చుగా" అన్నాను.

"సీసాలో పెట్టి చూసుకోటానికి అదేమన్నా బంగారవా అండీ? విత్తనం మట్టిలో ఉండాల. ఈ ఏటితో నా పాదు పని అయిపోయినట్టే" అంది విమల. ఆ మాట అని లోపలికెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. నాకు కూడా దిగులు పట్టుకుంది.

అలాంటి రోజుల్లో మార్గరెట్ గారు ఫోన్ చేశారు. విమలతో పాటు మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, రిటైరై, తన తాతముత్తాతల పల్లెకి వెళ్ళి స్థిరపడిన పెద్దావిడ. విమల దిగులంతా విని ఆవిడ ఒక దారి చెప్పారు. ఏటా సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే సెలవుల్లో వాళ్ళ ఊళ్ళో కూరగాయల పోటీ పెడతారు. తీగ కాయల్లో ఏది గెలిస్తే, దాని గింజల్ని వచ్చే ఏడు ఊరి మడిలో వేసి ఊరంతా కలిసి పెంచుతారు. ఊళ్ళో మనిషి బయటివాళ్ళ కాయ ఒకదాన్ని కూడా అతిథిగా పోటీకి పెట్టొచ్చు.

"నీ కాయ గెలిస్తే నీ పాదుకి మా ఊళ్ళో చోటు దొరికినట్టే" అన్నారావిడ. ఆవిడ ఇంగ్లిష్‌ని నా తెలుగులో చెబుతున్నాను, ఊరివాళ్ళందరి మాటలూ ఇంతే.

విమల ఫోన్ పెట్టేసి పెరట్లోకి పరుగెత్తింది. పందిరికి వేలాడుతున్నవాటిలో విత్తనానికి వదిలిన ముదురు కాయ ఒకటుంది. నిటారుగా, మచ్చలేకుండా, నిత్య నడుము దాకా వచ్చేంత పొడుగు. దాని చుట్టూ తిరిగి చూసి, వేలు మడిచి కణుపుతో చూపిస్తూ "ఇదే" అంది.

దారిలో: బిడ్డా, కాయా?

టోల్ బూత్‌లో డబ్బులు తీసుకునే ఆవిడ చిల్లర ఇవ్వబోతూ ముందు సీటు చూసి కళ్ళెర్ర చేసింది. "చంటిబిడ్డని ముందు సీట్లో పెడతారా? ఆ మొహం మీద గుడ్డేంటి?" అని ఒకటే కేకలు. వెనకాల హారన్లు. నేను కంగారుగా తువ్వాలు ఎత్తాను. ఆకుపచ్చటి ఒళ్ళు చూసి ఆవిడ ఒక్క అరుపు అరిచింది. తర్వాత అర్థమై, బూత్ అద్దం మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. చిల్లర ఇవ్వడం మర్చిపోయింది, నేను అడగడం మర్చిపోయాను.

"ఓ మై గాడ్ డాడీ, షీ థాట్ ఇట్స్ ఎ బేబీ!" అంటూ నిత్య సీట్లోంచి కిందికి జారిపోయింది.

"అనుకోనీ. నువ్వెప్పుడన్నా అంత బుద్ధిగా పడుకున్నావా?" అంది విమల.

మధ్యాహ్నం ఒక డైనర్ దగ్గర ఆగాం. కార్లో ఎండకి కాయ వాడిపోతుందని విమల దాన్ని చంకనేసుకుని లోపలికి తెచ్చింది. వెయిట్రెస్ నవ్వకుండా నాలుగు మెనూ కార్డులు పెట్టింది. ఆరు డాలర్లకి పాన్‌కేకులు ఇచ్చారు, బాగున్నాయి. అసలైన మేపుల్ సిరప్ కావాలంటే మాత్రం విడిగా డబ్బులట. నాకు ఒళ్ళు మండింది. మా కాకినాడలో ఇడ్లీ ప్లేటు చెబితే సాంబారు బకెట్టుతో వెంటపడి పోస్తారు, చట్నీ వద్దన్నా వేస్తారు. ఇక్కడ మేపుల్ చెట్ల మధ్య కూర్చుని ఆ పాకానికి లెక్క కట్టడమేమిటి? కాఫీ మాత్రం అడక్కుండా మళ్ళీ మళ్ళీ నింపారు. ఆ కాఫీ అయితే మన దగ్గర కూడా ఊరికే పోస్తారు లెండి, మొక్కలకి.

వెయిట్రెస్ ఆగలేక అడిగేసింది, దీన్ని ఏం చేసుకుంటారని. లేతదైతే పాలు పోసి కూర, కాస్త ముదిరితే పులుసు, ఇంకా ముదిరితే విత్తనం అని విమల చెప్పుకుపోయింది. పక్క బల్ల మీది ముసలాయన కూడా కుర్చీ ఇటు తిప్పుకుని విన్నాడు. మేం లేచేటప్పుడు ఆయన "గుడ్ లక్" అన్నాడు. కాయతోనే అన్నాడు, మాతో కాదు.

లిటిల్ థార్న్‌బీ: నెత్తి తగలని గుమ్మాలు

జీపీఎస్ "మీ గమ్యం చేరుకున్నారు" అని చెప్పేసరికి ఎదురుగా ఆవులున్నాయి. అడుగుదామంటే మనిషి లేడు. మట్టిరోడ్డు పట్టుకుని ఇంకాస్త లోపలికి పోతే, కొండవాలు దిగేచోట చిన్న చెక్క బోర్డు మీద ఊరి పేరు, దాని వెనకాల ఊరంతా ఒక్కసారే కనిపించింది. నడిమధ్య పచ్చిక బయలు, దాని చుట్టూ రాతి ఇళ్ళు, ఒక బాతుల చెరువు, ఒక చేతిపంపు. కొట్టు లేదు, పెట్రోలు బంకు లేదు, పోస్టాఫీసు లేదు. ఇవేవీ లేకుండా అమెరికాలో ఇంత అందమైన ఊరుంటుందని నేననుకోలేదు. నాకు గట్టిగా ఈల వెయ్యాలనిపించింది, వేశాను. బాతులు తిరిగి చూశాయి.

మార్గరెట్ గారిల్లు ఇంగ్లండు పల్లెల పాతకాలం కొలతలతో కట్టినది. గుమ్మాలన్నీ పొట్టివి. వచ్చిన ప్రతి అమెరికా చుట్టానికీ నుదుటి మీద బొప్పి కడుతుందట. నేను మాత్రం తల వంచకుండా అన్ని గదులూ తిరిగేశాను. అమెరికా వచ్చాక నా పొడుగు అక్కరకొచ్చింది ఆ ఒక్క ఇంట్లోనే. ఆ సంతోషంలో పనున్నా లేకపోయినా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తూనే ఉన్నాను.

రాత్రి భోజనానికి మారో అనే కాయ వండారు. చూడ్డానికి మన ఆనపకాయకి వేలువిడిచిన చుట్టం. వాళ్ళ వంటల్లో దానికి పట్టిన గతి ఏమిటంటే, నీళ్ళలో ఉడకబెట్టడం, వెన్న రాయడం, మౌనంగా తినడం. విమల రెండు ముక్కలు తిని, "మార్గరెట్, మీరేమీ అనుకోకపోతే" అంటూ బ్యాగులోంచి ఆవాలు, ఎండుమిరపకాయల డబ్బా తీసింది. పోపు పడ్డాక మార్గరెట్ గారు రెండోసారి వడ్డించుకున్నారు. "మా వంశంలో ఇన్ని తరాలు ఈ కాయని ఎందుకు తిన్నారో నాకు ఇప్పుడు అర్థంకావడం లేదు" అన్నారు.

రెండో రోజు: గుడి లేని గుమ్మం

పొద్దున్నే ఆవిడ మమ్మల్ని ఊరు చూపించడానికి తీసుకెళ్ళారు. ఊరు చూడ్డానికి ఎంతసేపు పట్టిందని అడిగితే, పచ్చిక చుట్టూ ఒక్క చుట్టు. కథ మాత్రం పొడుగు.

ఇంగ్లండులో లిటిల్ థార్న్‌బీ ఒక చిన్న పల్లె. మన రెవెన్యూ వాళ్ళ భాషలో చెప్పాలంటే మజరా, అంటే పెద్ద ఊరికి శివారున తోకలా ఉండేది. అక్కడి జమీందారు గొర్రెల కోసం ఊరుమ్మడి పచ్చికకి కంచె వేసుకున్నాడు. ఆవుల్ని తోలుకెళ్ళే చోటు లేక ఊరు ఊరంతా ఓడెక్కింది. ఈ లోయకి వచ్చి, చేసిన మొదటి పని, నడిమధ్య పచ్చిక వదిలి దాని చుట్టూ ఇళ్ళు కట్టడం. దానికి ఎవరూ ఎప్పటికీ కంచె వెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నారు. అక్కడి ఊళ్ళో ఏది ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉండాలన్నారు. చెరువు లేకపోతే తవ్వారు. వాగు అవతలివైపు ఉంటే, ఊరి పటాన్నే తిప్పి కట్టారు. అందుకని సూర్యుడు తప్పు వైపు ఉదయిస్తాడని మార్గరెట్ గారి నాయనమ్మ చనిపోయేదాకా సణిగేదట.

"ఇప్పుడీ పచ్చిక మీద ఏడాదికి ఒక్కసారైనా ఒక పశువు మెయ్యాలి. లేకపోతే ఊరి హక్కు పోతుందని మా నమ్మకం. ఎవరికీ పశువులు లేవు. అందుకని వాల్టర్ ఒక మేకని పెంచుతున్నాడు" అన్నారు.

మేక అక్కడే ఉంది. ఊరి హక్కు తన నోట్లో ఉందన్న గర్వం దాని నడకలో కనిపించింది.

పచ్చిక చివర, చెక్క కప్పుతో అందమైన గుమ్మం ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది. ఇంగ్లండులో చర్చి ముందు అలాంటివి కడతారట. శవాన్ని మోసుకొచ్చినవాళ్ళు దాని కింద దింపి, పాదిరి వచ్చేదాకా ఆగుతారు. వినగానే నాకు మన దింపుడు కళ్ళం గుర్తొచ్చింది. దారిలో దింపి, చెవిలో పేరు పెట్టి పిలిచి, లేస్తాడేమోనని చూడడం. అది చెబితే మార్గరెట్ గారు ఆ గుమ్మం కొయ్యని చేత్తో నిమిరారు. "మేం పిలవం. పిలిస్తే బాగుండేది" అన్నారు.

"మరి చర్చి ఏది ఆంటీ?" అంది నిత్య.

చర్చి లేదు. గుమ్మం కట్టాక చర్చి ఎటు తిరిగి ఉండాలని తగువొచ్చింది. ఆ తగువు ఇంకా తేలలేదు. చర్చి లేని ఊరిని ఇంగ్లండులో పల్లెగా కూడా లెక్కపెట్టరు కాబట్టి, ఇది ఇప్పటికీ మజరాగానే ఉంది. ఆనపకాయ, సొరకాయల మధ్య ఉన్న మనిషిని నేను, నాకు ఆ ఊరివాళ్ళు సొంతవాళ్ళలా అనిపించారు.

గుమ్మం పక్కనే రెండు వస్తువులున్నాయి. ఒకటి బొండకొయ్య. తప్పు చేసినవాణ్ణి కూర్చోబెట్టి, రెండు పలకల మధ్య కన్నాల్లో కాళ్ళు బిగించేది. రెండోది చూసి నేను ఎగిరి గంతేశాను. మొల ఎత్తు రాతిగోడ, గుండ్రంగా, ఒక్క చెక్క గేటు. బందెలదొడ్డి! పరాయి పొలంలో పడి మేసిన పశువుని తోలుకొచ్చి కట్టేస్తే, సొంతదారు వచ్చి విడిపించుకునే చోటు. చిన్నప్పుడు మా మేనమామ గేదె ఎప్పుడూ అందులోనే ఉండేది. వెర్మాంట్‌లో దాన్ని చూస్తానని కల్లోనైనా అనుకున్నానా? దొడ్డి గోడకి ఆనుకుని, ఎండ బాగా తగిలేచోట, ఊరి మడి ఉంది. విమల వంగి గుప్పెడు మట్టి తీసి నలిపి, వాసన చూసింది. "ఎంత మంచి మట్టండీ" అంది. ఇక్కడ చలి ముందే వస్తుంది కదా అని నేనంటే, మార్గరెట్ గారు మొక్కని కిటికీలో కుండీలో పెంచి, ఎండలు ముదిరాక మడిలో నాటతామన్నారు. ఆ మడి విమలకి ఎంత కావాలో నాకు ఆ మొహం చూస్తేనే తెలిసింది.

మధ్యాహ్నం ఊరుమ్మడి కొట్టాంలో కాయల్ని అప్పజెప్పాం. న్యాయనిర్ణేత ఆల్డెన్ గారు, పూర్వం భూములు సర్వే చేసిన మనిషి. నిటారుగా, టేపు పట్టుకుని, మీసం కూడా కొలిచి కత్తిరించినట్టుంటారు. కాయని ముట్టుకోరు, చుట్టూ తిరిగి, వంగి, కళ్ళతోనే చూస్తారు. మా కాయని చూసి ఆయన కనుబొమ్మలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. చుట్టూ ఉన్నవాళ్ళు "ఓ మై!" అంటున్నారు. ఇంకొకరిని పిలుచుకొచ్చి చూపిస్తున్నారు. నేను ఉబ్బి తబ్బిబ్బవుతున్నాను, విమల మొహం మాత్రం మెల్లగా మాడిపోతోంది. తీర్పు కోసం అందరినీ బయటికి వెళ్ళమన్నప్పుడు తను ఆఖరున ఉండిపోయింది. కంటి కొస తుడుచుకుని కాయ మీద వంగడం గుమ్మంలోంచి చూశాను. పాపం, కాయని వదల్లేక కన్నీళ్ళు పెట్టుకుంటోందనుకుని నేనూ ముక్కు చీదుకున్నాను.

మూడో రోజు: కొట్టాం తలుపులు తీశాక

ఊరంతా కలిపితే మా పిస్కాటవేలో ఒక సత్యనారాయణ వ్రతానికి వచ్చినంత మంది. తలుపులు తియ్యగానే అందరూ లోపలికి తోసుకున్నారు. తీగ కాయల బల్ల మీద నీలం రిబ్బను వాల్టర్ గారి మారోకి ఉంది. మా ఆనపకాయ పక్కన అది బొటనవేలంత ఉంది. మా కాయ ముందు చిన్న కార్డు. దాని మీద నల్ల సిరాతో, "అడుగున కుళ్ళు సోకింది. ఊరి మడికి పనికిరాదు."

"కుళ్ళా? నిన్న లేదే!" అన్నాను. కాయని తిప్పాను. పువ్వు రాలిన చోట, సరిగ్గా కుళ్ళు మొదలయ్యేచోట, నల్లటి గుండ్రటి మచ్చ.

విమల వైపు చూశాను. తను నేల చూపులు చూస్తోంది.

"విమలా?"

"అంతమంది ఓ మై, ఓ మై అంటన్నారు కదండీ. నా కాటుకే కాస్త తీసి చుక్క పెట్టా. పసిబిడ్డకి అరికాల్లో పెట్టినట్టు, ఎవురికీ కనబడకుండా అడుగున పెట్టా."

నిన్న తుడుచుకున్నది కన్నీరు కాదు, కాటుక. విమల దుప్పటా కొస నాలుకతో తడిపి, మచ్చని ఒక్క రుద్దు రుద్దింది. కాయ అడుగు తళతళమంది. కొట్టాంలో అందరూ ఒక్కసారే "ఓ!" అన్నారు. వాల్టర్ గారైతే తన రిబ్బను తనే ఊడదీసి విమల చేతిలో పెట్టబోయారు.

"వద్దు" అన్నారు ఆల్డెన్ గారు. "తీర్పు ఇచ్చాక మార్చడం ఈ ఊళ్ళో లేదు. నేను చూసినప్పుడు మచ్చ ఉంది. గెలిచింది వాల్టర్."

విమల కళ్ళల్లో ఈసారి నిజంగానే నీళ్ళు. కాటుక చెంపల మీదికి కారుతోంది. "నా పాదు నేనే పాడుచేసుకున్నా" అంది. పందిరి పోతుంది, మడి పోయింది.

నిత్య ముందుకొచ్చింది. కాయని చూసి రెండ్రోజులుగా సిగ్గుతో చచ్చిపోతున్న పిల్ల, ఆల్డెన్ గారి ఎదురుగా నిలబడి గడగడా చెప్పేసింది. "అది కుళ్ళు కాదు, అది ఎర. చూపుకి ఎర. మీరు చూసే చూపు కాయ అందం మీద పడకుండా చుక్క మీద పడాలి. దానికోసమే పెడతారు. మా అమ్మ నాకూ పెట్టేది."

ఆల్డెన్ గారు వంగి కాయ అడుగు మళ్ళీ చూశారు. "నా చూపు ఆ చుక్క మీదే పడింది. ఇంక కాయ వైపు చూడనే లేదు" అన్నారు. టేపు జేబులో పెట్టుకుని, "అంటే అది పని చేసింది" అన్నారు.

మార్గరెట్ గారు ముందు నవ్వారు. తర్వాత కొట్టాం మొత్తం నవ్వింది. విమల కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వేసింది.

బొండకొయ్యలో తీర్పు

పోటీలో తగువొస్తే తప్పు ఎవరిదో ఊరు తేలుస్తుందట. తప్పున్నవాళ్ళు ఒక మగ్గు సైడర్, అంటే యాపిల్ కల్లు లాంటిది, తాగేదాకా బొండకొయ్యలో కూర్చోవాలి. కాయకి పరాయి పదార్థం పూసినందుకు విమలది తప్పన్నారు. కుళ్ళు వాసన వస్తుంది కదా, వాసన చూడనందుకు ఆల్డెన్ గారిదీ తప్పన్నారు. ఇద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టి కాళ్ళు బిగించారు. ఆయనకి సైడర్, ఈవిడకి యాపిల్ జ్యూస్. నేను ఎన్ని ఫొటోలు తీశానో! మా పెళ్ళి ఆల్బంలో కూడా తను అంత బాగా పడలేదు.

ఇద్దరూ చట్టాల మనుషులు. కాళ్ళు కదిలే వీల్లేదు కాబట్టి మాటలు కదిలాయి. "మీ కాయకి ఇంకా నియమాలున్నాయా?" అని ఆయన అడగడమే ఆలస్యం, విమల మొదలెట్టింది. పిందెని వేలు పెట్టి చూపించకూడదు. చూపించాలంటే ఇదిగో, ఇట్టా మడవాల. ఆయన మగ్గు కింద పెట్టి వేలు మడిచి చూసుకున్నారు. నిటారుగా ఉండే ఆ మనిషికి వేలు మడవడం అంత తేలిక కాలేదు. విమల పట్టుకుని సరిచేసింది.

మగ్గు ఖాళీ అవుతుండగా ఆల్డెన్ గారు గొంతు సవరించుకున్నారు. "ఇంకొక విషయం మిగిలింది. బయటి ఊరి నుంచి వచ్చి, ఇక్కడ మా కట్టుబాటు దాటింది ఏదైనా ఎక్కడికి పోవాలి?"

ఊరివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మా మేనమామ గేదె గుర్తొచ్చింది. "బందెలదొడ్డి!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను. నా వేలు మాత్రం గోడవైపు చూపించింది.

"అంతే" అన్నారాయన. "ఈ కాయని దొడ్డిలో పెట్టాలి. సొంతదారు వచ్చి విడిపించుకునేదాకా దాన్ని సాకే బాధ్యత ఊరిది."

"కాయని సాకడమంటే?" అన్నారు వాల్టర్ గారు.

"విత్తనం తీసి దొడ్డిలో నాటడం. నీళ్ళు పొయ్యడం. మీ మేకని దూరంగా ఉంచడం."

విమల లేవబోయి, కాళ్ళు కొయ్యలో ఉన్న సంగతి మర్చిపోయి, ముందుకి తూలి ఆల్డెన్ గారి మీద పడింది. మీసం మీద సైడర్ ఒలికింది. జీవితంలో మొదటిసారి ఆ మీసం కొలత తప్పిందేమో.

తిరిగొచ్చాక

తిరుగు ప్రయాణంలో ముందు సీటు నిత్యకి దక్కింది. విమల వెనకాల దిండు మీద తల పెట్టి నిద్రపోయింది. సెప్టెంబరు ఆఖరున పందిరి నేనే విప్పాను. తను వచ్చి కర్రలు అందుకుంది, మామూలుగానే మాట్లాడుతూ.

మరుసటి ఏడు వేసవిలో మార్గరెట్ గారి నుంచి ఒక ఫొటో వచ్చింది. బందెలదొడ్డి రాతిగోడ కనబడటం లేదు, అంతా ఆనపతీగే. వాల్టర్ గారి మేక గేటు బయట ఆశగా నిలబడి ఉంది. గోడ మీంచి వేలాడుతున్న పెద్ద కాయ అడుగున నల్లటి చుక్క. బొగ్గుతో పెట్టినట్టున్నారు, టేపుతో కొలిచినంత గుండ్రంగా ఉంది. పక్కనే ఆల్డెన్ గారు, కొత్తగా వచ్చిన పిందెని మాకు చూపిస్తూ. వేలు మడిచి, జాగ్రత్తగా, కణుపుతో.

"విమలా, ఇదిగో చూడు, పిందె!" అని నేను సంతోషం పట్టలేక ఫొటో మీద వేలు పెట్టాను.

చేతి మీద ఫట్‌మని ఒక్కటిచ్చింది. "ఫొటోలో అయినా సరే, వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు! ఆయన్ని చూసి నేర్చుకోండి."